సూదంటే భయపడే పెద్దవాళ్లకు: ఇంజెక్షన్ నొప్పి తగ్గించుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

పిల్లలకు టీకా వేయించేటప్పుడు ఏం చేయాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నలభై ఏళ్ల మనిషికి సూది చూసి చెమటలు పడితే మాత్రం “ఇంత వయసొచ్చి ఇదేంటండీ” అని నవ్వేస్తారు. అందుకే పెద్దవాళ్లు ఈ సంగతి బయటికి చెప్పరు. రక్తపరీక్ష వాయిదా వేస్తారు. ఇన్సులిన్ మొదలుపెట్టమంటే “ఇంకో ఆరునెలలు మాత్రలతో చూద్దాం డాక్టరు గారూ” అంటారు. కుక్క కరిచినా పసుపు అద్ది ఊరుకుంటారు.

ఈ వ్యాసం వాళ్లకోసం. సూది భయం అందరిలో ఒకేలా ఉండదు. ఒకరికి పనికొచ్చే చిట్కా ఇంకొకరిని కింద పడేస్తుంది. కాబట్టి ఏ భాగం దాటేసినా రెండోది మాత్రం దాటెయ్యకండి.

1. అసలు ఈ సూది అవసరమా?

జ్వరమొచ్చినా, ఒళ్లునొప్పులొచ్చినా ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి “ఒక సూదెయ్యండి, తొందరగా తగ్గాలి” అని మనమే అడుగుతాం. ఆ తర్వాత సూదంటే భయమని మనమే అంటాం. నొప్పులకు వేసే డైక్లోఫెనాక్, నీరసానికి వేసే బీ కాంప్లెక్స్ లాంటి వాటికి చాలా సందర్భాల్లో మాత్ర సరిపోతుంది. వాంతులు ఆగనప్పుడు, మింగలేనప్పుడు, పరిస్థితి తీవ్రంగా ఉన్నప్పుడు సంగతి వేరు.

డాక్టరును అడగాల్సినవి ఇవి:

- ఇదే మందు మాత్ర రూపంలో ఉందా? దాంతో సరిపోతుందా?
- ఎన్ని డోసులు? ఎన్ని రోజులకొకటి?
- చేతికా, నడుముకా, నరానికా?
- రక్తపరీక్షలన్నీ ఒకేసారి, ఒకే గుచ్చుతో తీయించుకోవచ్చా?

కొన్నిటికి మాత్రం ప్రత్యామ్నాయం లేదు. కుక్క కాటు అందులో మొదటిది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటూ పాతకాలపు భయం ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ పాత రకం టీకా మన దేశంలో ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కువగా చర్మం పైపొరలో కొద్దికొద్దిగా ఇస్తున్నారు: 0, 3, 7, 28 రోజుల్లో, రెండు జబ్బల మీద. కండలోకి ఇచ్చే పద్ధతైతే 0, 3, 7, 14, 28 రోజులు. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా వేస్తారు. అది నొప్పిగానే ఉంటుంది, దాచి లాభం లేదు. అయినా దాన్ని వద్దనకండి. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే మనిషి దాదాపు దక్కడు.

2. మీ భయం ఏ రకం?

గతంలో సూది వేయించుకున్నప్పుడు ఒళ్లు ఏం చేసిందో గుర్తుచేసుకోండి.

మొదటి రకం, పారిపోవాలనిపించే భయం. గుండె దడదడ, అరచేతుల్లో చెమట, నోరెండిపోవడం, లేచి వెళ్లిపోవాలనిపించడం. కళ్లు మాత్రం తిరగవు.

రెండో రకం, పడేసే భయం. ముందు గుండె వేగం, బీపీ కాస్త పెరుగుతాయి. ఆ వెంటనే రెండూ దబ్బున పడిపోతాయి. ఆవలింతలు, చెవుల్లో హోరు, కళ్లముందు మసక, చల్లటి చెమట, వికారం, ఆపైన సొమ్మసిల్లడం. రక్తం చూసినా కొందరికి ఇలాగే అవుతుంది. ఇంట్లో అమ్మకో అన్నకో ఇదే అలవాటు ఉండటం కూడా మామూలే. ఇందులో పిరికితనం లేదు. ఆరడుగుల మనిషైనా పడతాడు.

మూడో రకం, నొప్పి భయం. ఎప్పుడో ఒక సూది బాగా బాధపెట్టింది, ఒళ్లు దాన్ని మర్చిపోలేదు.

“గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒళ్లంతా వదులు చేయండి” అనే సలహా అందరూ ఇస్తారు. మొదటి, మూడో రకాలకు అది బాగా పనిచేస్తుంది. రెండో రకం వాళ్ల బీపీ అప్పటికే పడిపోతూ ఉంటుంది. వాళ్లు ఒళ్లు వదులు చేస్తే ఇంకా పడుతుంది. వాళ్లు చేయాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు. అది మూడో భాగంలో ఉంది.

ఒక మనిషిలో రెండు రకాలూ కలిసి ఉండొచ్చు. జీవితంలో ఒక్కసారైనా సూదికి కళ్లు తిరిగితే మిమ్మల్ని రెండో రకంలోనే లెక్కేసుకోండి.

3. కళ్లు తిరిగేవాళ్లకు: కండరాలు బిగించే సాధన

స్వీడన్ మానసిక శాస్త్రవేత్త లార్స్ యోరాన్ ఓస్ట్ 1980ల్లో ఈ పద్ధతిని తీర్చిదిద్దాడు. పెద్ద కండరాలు బిగిస్తే కాళ్లలో నిలిచిన రక్తం పైకి చేరి బీపీ పడిపోకుండా నిలబడుతుంది. ఖర్చేమీ లేదు కానీ సాధన కావాలి. సూది వేసే రోజు మొదటిసారి చేద్దామంటే కుదరదు.

ఇంట్లో కుర్చీలో కూర్చుని ఇలా చేయండి:

1. తొడలు, పిక్కలు, పిర్రలు, పొట్ట, రెండు పిడికిళ్లు ఒకేసారి గట్టిగా బిగించండి. ఊపిరి మాత్రం ఆపొద్దు.
2. 10 నుంచి 15 సెకన్లు అలాగే పట్టి ఉంచండి. ముఖంలోకి వెచ్చదనం పాకినట్టు తెలిస్తే సరిగ్గా చేస్తున్నట్టే.
3. వదలండి. అయితే పూర్తిగా వాలిపోవద్దు, మామూలుగా కూర్చున్నట్టు ఉండండి.
4. 20 నుంచి 30 సెకన్లు ఆగండి.
5. మళ్లీ బిగించండి. మొత్తం ఐదుసార్లు.

సూది రోజుకు కనీసం వారం ముందు మొదలుపెట్టి, రోజుకు నాలుగైదు విడతలు చేయండి. బస్సులో కూర్చుని చేసినా పక్కవాళ్లకు తెలియదు. రెండు మూడు రోజులకే ఎంత బిగించాలో ఒంటికి అర్థమవుతుంది. తలనొప్పి వస్తే మరీ గట్టిగా బిగిస్తున్నారని అర్థం, కాస్త తగ్గించండి.

ఆసుపత్రిలో, మీ వంతు రాబోతుండగా మొదలుపెట్టండి. స్పిరిట్ దూది జబ్బకు తగిలేసరికి సూది పడే చేతిని పూర్తిగా వదులు చేసి, కాళ్లు, పొట్ట మాత్రమే బిగించండి. ఈ రెండూ వేరుచేయడమే ఇందులో కష్టమైన పని. ఇంట్లో సాధన చేసేటప్పుడే చివరి రెండు రోజులు ఒక చెయ్యి వేలాడేసి చేయండి. సూది తీశాక కూడా రెండు మూడు సార్లు బిగించండి. కొందరు సూది పడేటప్పుడు బాగానే ఉండి, “హమ్మయ్య” అనుకున్నాక పడిపోతారు.

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఈమధ్యే అయిన ఆపరేషన్, గర్భం, వీటిలో ఏదున్నా డాక్టరును అడిగి చేయండి. అలాంటివాళ్లకు పడుకుని వేయించుకోవడమే సులువు. నెలలు నిండుతున్న గర్భిణులు ఎడమవైపు తిరిగి పడుకోవాలి.

4. ముందురోజు, ఆ రోజు

- వదులు చేతుల చొక్కా, జాకెట్టు లేదా కుర్తా వేసుకోండి. బిగుతు చేతులు పైకి లాగితే అవి జబ్బను నొక్కేస్తాయి. పైగా సూది ఉండాల్సిన చోటుకంటే పైకో కిందికో పడుతుంది.
- ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. పరగడుపు పరీక్ష అయితేనే ఉపవాసం. అప్పుడు కూడా మంచినీళ్లు తాగొచ్చు.
- బయల్దేరేముందు లేదా వరుసలో ఉన్నప్పుడు రెండు గ్లాసుల నీళ్లు తాగండి. కళ్లు తిరిగేవాళ్లకు ఇది నిజంగా పనిచేస్తుంది. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఆ కొలత దాటొద్దు.
- రద్దీ లేని వేళ ఎంచుకోండి. వరుసలో నిలబడి ముందున్న పదిమందికి సూదులు పడటం చూస్తే భయం పెరక్క ఏమవుతుంది!
- తోడు ఒకరిని తీసుకెళ్లండి. నవ్వేవాళ్లను వద్దు.
- చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, మీకు నచ్చిన పాటో కామెడీ వీడియోనో ముందే ఫోన్లో సిద్ధం చేసుకోండి.
- ధైర్యం కోసం ఒక పెగ్గు వేసుకెళ్లే మహానుభావులున్నారు. మద్యం రక్తనాళాలను సడలిస్తుంది, పడిపోయే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో ఎవరికో రాసిన నిద్రమాత్ర మింగడమూ అంతే తప్పు.

5. చర్మం మొద్దుబార్చుకోవడం: క్రీమ్, ఐసు

లిడోకెయిన్ 2.5 శాతం, ప్రిలోకెయిన్ 2.5 శాతం కలిపిన మత్తు క్రీమ్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి తీసుకోండి. చాలామంది దీన్ని రాసి పది నిమిషాల్లో సూది వేయించుకుని “ఏం పనిచేయలేదు” అంటారు. పనిచేయడానికి గంట కావాలి.

1. సూది ఎక్కడ వేస్తారో ముందే తెలుసుకోండి. రక్తపరీక్షకైతే రెండు మోచేతుల మడతల్లోనూ రాయండి.
2. మందంగా పెట్టండి, రుద్దొద్దు.
3. పైన పారదర్శక ప్లాస్టరుగానీ, వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ పొరగానీ అంటించండి.
4. కనీసం 60 నిమిషాలు ఉంచండి.
5. తుడిచేసి, స్పిరిట్‌తో శుభ్రం చేయనివ్వండి.

తీశాక కూడా గంటకు పైగా మొద్దుగానే ఉంటుంది. చర్మం తెల్లగా పాలిపోతే కంగారు పడొద్దు. ఈ క్రీమ్ మొద్దుబార్చేది చర్మాన్నే. కండలోకి మందు వెళ్లేటప్పటి బరువు నొప్పిని ఆపలేదు. కాబట్టి రక్తపరీక్షకు, క్యాన్యులాకు (సెలైన్ కోసం నరంలో ఉంచే సన్నటి గొట్టం) బాగా ఉపయోగం, నడుము ఇంజెక్షన్‌కు కొంతే. లిడోకెయిన్ పడనివాళ్లు, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను బలహీనపరిచే, పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవాళ్లు, పుండు ఉన్నచోటా వాడొద్దు.

క్రీమ్ లేకపోతే ఐసు. గుడ్డలో చుట్టిన ఐసుముక్క ఒకటి రెండు నిమిషాలు పెట్టి, తీసిన వెంటనే సూది వేయించుకోవాలి. రక్తం తీసేచోట మాత్రం ఐసు వద్దు, నరం ముడుచుకుపోతుంది.

6. గదిలోకి వెళ్లగానే చెప్పాల్సిన మాటలు

ఎక్కువమంది ఇక్కడే మొహమాటపడతారు. సిస్టర్‌కు మీ భయం తెలిస్తే ఆమె పనే సులువవుతుంది. పడిపోయిన మనిషిని లేపడం కంటే ముందే పడుకోబెట్టడం నయం కదా. ఇలా అడగండి:

“సిస్టర్, నాకు సూదంటే కళ్లు తిరుగుతాయి. పడుకుని వేయించుకుంటానండీ.”

“వేసేముందు ఒక్కమాట చెప్పండి, నేను అటు తిరుగుతాను.” లేదా “చెప్పకుండా వేసేయండి, నేను పాట వింటుంటాను.”

“స్పిరిట్ ఆరనిచ్చి వేస్తారా?”

ల్యాబులో కుర్రాడైతే, “తమ్ముడూ, నాకు నరం కుడిచేతిలో బాగా దొరుకుతుంది. ఎడమచేతికి ప్రతిసారీ రెండుసార్లు గుచ్చుతున్నారు” అని చెప్పండి. ఏ చెయ్యి మంచిదో మీ ఒంటి గురించి మీకు తెలిసినంత అతనికి తెలియదు.

సూది చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. కొందరికి చూస్తేనే నిబ్బరం, కొందరికి చూస్తే గుండె జారిపోతుంది. ఏది మీకు నప్పితే అది.

7. సూది పడే క్షణం

చేతికి వేసే టీకాకు వరుస ఇది.

1. వీపుకు ఆనుకునే ఆసరా ఉన్న కుర్చీలో కూర్చోండి. స్టూలు వద్దు, నిలబడి అసలే వద్దు.
2. చెయ్యి వదులుగా వేలాడేయండి లేదా అరచెయ్యి ఒళ్లో పెట్టుకోండి. బిగించిన కండలో సూది దిగితే నొప్పి ఎక్కువ, తర్వాతి రెండు రోజుల సలుపూ ఎక్కువే.
3. స్పిరిట్ ఆరేదాకా, అంటే ఓ అరనిమిషం, ఆగండి. తడి స్పిరిట్ సూదితోపాటు లోపలికి వెళ్లి చురుక్కుమంటుంది. ఆ మంటను చాలామంది మందు మంట అనుకుంటారు.
4. మనసు మళ్లించండి. వందలోంచి ఏడేసి తీసేస్తూ లెక్కపెట్టండి: 93, 86, 79... లెక్కల్లో గట్టివాళ్లయితే పదమూడేసి తీసేయండి.
5. మొదటి, మూడో రకాల వాళ్లు సూది దిగేటప్పుడు నోటితో మెల్లగా, పొడుగ్గా ఊపిరి వదలండి. రెండో రకం వాళ్లు కాళ్లు బిగించండి.
6. దగ్గు చిట్కా కూడా ఉంది. ముందు ఒకసారి చిన్నగా దగ్గి, సూది దిగే క్షణాన ఇంకోసారి దగ్గడం. నొప్పి కొంత తగ్గుతుంది. సిస్టర్‌కు ముందే చెప్పి, చెయ్యి కదలకుండా చేయాలి.

ఒకే రోజు రెండు మూడు టీకాలుంటే ఎక్కువ నొప్పి పెట్టేదాన్ని చివర వేయమనండి. మొదటిదే బాగా బాధిస్తే మిగతావీ బాధగానే తోస్తాయి.

8. నడుముకు వేసేవి

ముందు నడుము బిగుతు వదులు చేసుకోండి: బెల్టు, పంచె, లంగా బొందు. నిలబడి బల్లమీదకు వంగితే ఒంటి బరువంతా ఒక కాలిమీద పడి పిర్ర కండ గట్టిపడుతుంది. బోర్లా పడుకుని, రెండు పాదాల బొటనవేళ్లు లోపలికి, అంటే ఒకదాన్నొకటి చూసేట్టు తిప్పండి. అప్పుడు పిర్ర బిగించాలన్నా సరిగ్గా బిగుసుకోదు. ఈ చిన్న పని నొప్పిని ఎంత తగ్గిస్తుందో చేసి చూస్తే తెలుస్తుంది.

సూది దిగగానే కాలిలోకి కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటే ఊరుకోకండి. వెంటనే “ఆపండి” అనండి. నరానికి దగ్గరగా తగిలిందేమో చూడాలి. పిర్ర వెనకభాగం కన్నా తుంటి పక్కభాగం సురక్షితం, అక్కడ పెద్ద నరాలు, రక్తనాళాలు లేవు.

చిక్కటి మందుల సంగతి టీకాల లాంటిది కాదు. కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల గుండె కవాటాలు దెబ్బతిన్నవాళ్లు మూడు నాలుగు వారాలకొకసారి బెంజథైన్ పెనిసిలిన్ వేయించుకోవాలి. కొందరికి అది ఏళ్ల తరబడి తప్పదు. ఆ నొప్పికి భయపడి మానేసేవాళ్లున్నారు, మానేస్తే గుండెకే ముప్పు. వాళ్లు అడగాల్సినవి: ఫ్రిజ్‌లోంచి తీసిన మందును గది వేడికి రానివ్వడం, వేసేచోట ముందు పది సెకన్లు వేలితో గట్టిగా నొక్కి పట్టడం, మందును రెండు మూడు నిమిషాలు మెల్లగా ఎక్కించడం. లిడోకెయిన్ కలిపి ఇవ్వొచ్చేమో డాక్టరును అడగండి, అది సొంతంగా నిర్ణయించే విషయం కాదు. సంతానం కోసం చికిత్సలో వేసే నూనె రకం ప్రొజెస్టిరాన్ కూడా ఇలాంటిదే. సీసాను అరచేతుల మధ్య కాసేపు దొర్లించి వెచ్చబరిచి, మెల్లగా వేయించుకోవాలి.

9. రక్తపరీక్ష, సెలైన్

నరం దొరకడమే ఇక్కడ సగం పని. నీళ్లు తాగి వెళ్లండి. చేతులు చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో పెట్టి లేదా రుద్ది వెచ్చబరచండి. రబ్బరు పట్టీ నిమిషం కంటే ఎక్కువసేపు బిగించి ఉంచితే నొప్పే కాదు, కొన్ని ఫలితాలూ తేడా వస్తాయి. పిడికిలి ఒకసారి మూసి పట్టుకుంటే చాలు. తెరిచి మూసి, తెరిచి మూసి పంపు కొడితే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపించవచ్చు.

సన్నటి నరాలున్నవాళ్లు బటర్‌ఫ్లై సూదితో (పక్కల రెక్కలుండే సన్నటి సూది) తీయమని అడగొచ్చు. ఒకే మనిషి రెండుసార్లు గుచ్చినా దొరక్కపోతే “ఇంకెవరైనా సీనియర్ ఉన్నారా?” అని మర్యాదగా అడగండి, అందులో తప్పులేదు.

తీశాక మోచెయ్యి మడిచి దూది బిగించే అలవాటు మనందరికీ ఉంది. అలా చేస్తేనే కమిలి నల్లబడుతుంది. చెయ్యి చాపి, దూది మీద వేలితో రెండు నిమిషాలు నొక్కండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఐదు నిమిషాలు.

10. ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లు

రోజూ సూది కాబట్టి ఇక్కడ చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది.

సూది పొడవు మొదట చూసుకోండి. ఇన్సులిన్ పెన్నుకు 4 మి.మీ. సూది చాలు, లావుపాటి వాళ్లకు కూడా. నిలువుగా గుచ్చితే చాలు, చాలామందికి చర్మం పట్టుకోనక్కర్లేదు. సిరంజి అయితే సూది పొడవు ఎక్కువ, చర్మాన్ని రెండు వేళ్లతో మెత్తగా పైకి పట్టాలి. సూది లావుకు గేజ్ అంకె చూడండి. అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 32 గేజ్ సూది 26 గేజ్ కన్నా బాగా సన్నం.

చల్లటి ఇన్సులిన్ మండుతుంది. ఇప్పుడు వాడుతున్న సీసా లేదా పెన్ను 30 డిగ్రీల లోపు గది వేడిలో దాదాపు నాలుగు వారాలు ఉంచొచ్చు. మీ రకానికి ఎన్ని రోజులో పెట్టె మీద చూడండి. రామగుండం, రెంటచింతల ఎండల్లో గది వేడి ఎప్పుడో 30 దాటుతుంది. అప్పుడు ఫ్రిజ్ తలుపు అరలో పెట్టి, వేసుకునే అరగంట ముందు బయటపెట్టండి. ఫ్రిజ్ లేనివాళ్లు మూత బిగించిన డబ్బాలో పెట్టి, అడుగున నీళ్లున్న మట్టికుండలో ఉంచుతారు, అది మంచి పద్ధతే.

వరుస:

1. సబ్బుతో చేతులు కడగండి. చర్మం శుభ్రంగా ఉంటే ఇంట్లో స్పిరిట్ అవసరం లేదు. రాస్తే ఆరనివ్వండి.
2. కొత్త సూది బిగించండి. పెన్నయితే రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చూడండి.
3. నిన్న వేసినచోటుకు కనీసం వేలెడు దూరంలో వేయండి. పొట్ట, తొడలు వంతులవారీగా.
4. గబుక్కున, తడబడకుండా గుచ్చండి. మెల్లమెల్లగా దించితే నొప్పి ఎక్కువ.
5. బటన్ పూర్తిగా నొక్కి, పది లెక్కపెట్టి, గుచ్చిన దారినే బయటికి తీయండి.
6. రుద్దొద్దు.

సూది పదిసార్లు వాడటం మన దగ్గర మామూలైపోయింది. మొన కంటికి కనిపించకపోయినా వంగుతుంది, మొద్దుబారుతుంది. “ఈమధ్య బాగా నొప్పిగా ఉంటోంది” అన్నవాళ్లలో చాలామంది పాత సూదితోనే లాగిస్తుంటారు.

ఇంకో చిక్కు గడ్డలు. ఒకేచోట వేస్తూపోతే అక్కడ కొవ్వు గట్టిపడి గడ్డకడుతుంది. గడ్డలో సూది నొప్పి తెలియదు. అందుకే జనం అక్కడే వేసుకుంటారు. కానీ అక్కడినుంచి ఇన్సులిన్ ఒంటికి సరిగ్గా అందదు. గడ్డ వదిలి కొత్తచోటుకు మారేటప్పుడు డాక్టరుకు చెప్పండి. అదే డోసు అక్కడ ఎక్కువై షుగర్ పడిపోవచ్చు.

సిరంజి వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు ఎర్రమూత సిరంజి, 100 యూనిట్లుండే దానికి నారింజ రంగు మూత సిరంజి. రెండూ తారుమారు చేయొద్దు.

11. సూది వేసే సిస్టర్లకు, అన్నలకు

“చీమ కుట్టినట్టు ఉంటుంది” అనొద్దు. “ఏం కాదు, ఏం కాదు” అనీ అనొద్దు. మొదటిది నొప్పి మీదికి మనసు లాగుతుంది. రెండోది అబద్ధమని సూది దిగిన సెకనులోనే తెలిసిపోతుంది. “ఇప్పుడు వేస్తున్నానండీ” అని మామూలు గొంతుతో అంటే చాలు.

సూదిని రోగి కళ్లముందు నింపొద్దు. జబ్బకు టీకా వేసేటప్పుడు పిస్టన్ వెనక్కి లాగి చూడాల్సిన పనిలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఆ లాగుడులో సూది లోపల కదిలి నొప్పి పెరుగుతుంది. భుజం ఎముక అంచుకు రెండు మూడు వేళ్ల కింద వేయండి, మరీ పైకి వెళ్తే కీలుకే తగిలి నెలలకొద్దీ భుజంనొప్పి మిగులుతుంది. మామూలు ఒళ్లుకు 25 మి.మీ. సూది సరిపోతుంది, బాగా భారీ మనుషులకు 38 మి.మీ. కావాలి. పొట్టి సూదితో కొవ్వులో వేస్తే నొప్పి, వాపు ఎక్కువ.

12. వేయించుకున్నాక

15 నిమిషాలు కూర్చోండి. కళ్లు తిరిగే అలవాటుంటే పడుకుని ఆగండి, వెంటనే బండి నడపొద్దు. మసకగా అనిపించిన క్షణమే నేలమీదైనా సరే పడుకుని కాళ్లు ఎత్తి పెట్టుకోండి. పరువు గురించి తర్వాత ఆలోచించవచ్చు.

సొమ్మసిల్లడాన్ని, మందు పడకపోవడాన్ని వేరుచేసి చూడాలి. సొమ్మసిల్లితే ముఖం పాలిపోతుంది, నాడి మెల్లగా కొట్టుకుంటుంది, పడుకోబెట్టగానే నిమిషం రెండు నిమిషాల్లో తేరుకుంటారు. ఒంటిమీద దద్దుర్లు, పెదాలు, నాలుక వాపు, ఆయాసం, పిల్లికూతలు, నాడి వేగంగా కొట్టుకోవడం కనిపిస్తే అది తీవ్రమైన అలర్జీ. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. సిబ్బందిని కేకేయండి, తొడకు ఎడ్రినలిన్ వేయాలి. ఇంటికి వెళ్లాక ఇలా మొదలైతే 108కి ఫోన్ చేయండి.

టీకా వేసినచోట సలుపు ఉంటే తడిగుడ్డ పెట్టండి, చెయ్యి ఆడిస్తూ ఉండండి. నొప్పి వస్తుందేమోనని టీకాకు ముందే పారాసిటమాల్ మింగొద్దు, తర్వాత అవసరమైతే వేసుకోవచ్చు. భుజంనొప్పి వారం దాటినా తగ్గకపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, గుచ్చినచోట ఎర్రగా వేడిగా ఉబ్బి జ్వరమొచ్చినా డాక్టరుకు చూపించండి.

13. తరచూ జరిగే తప్పులు, వాటికి విరుగుడు

*ఊపిరి బిగబట్టడం.* తెలియకుండానే చేస్తాం. పక్కనున్నవాళ్లను ఏదో ఒకటి అడుగుతూ ఉండమనండి. మాట్లాడుతుంటే ఊపిరి ఆగదు.

*క్రీమ్ రాసినచోట కాకుండా వేరేచోట సూది పడటం.* సరిహద్దు పెన్నుతో గీసుకుని వెళ్లండి.

*భయపడేవాళ్లను నలుగురు పట్టుకుని వేసేయడం.* ఆరోజు పని అయిపోతుంది. మళ్లీసారి ఆ మనిషి గడప దాటి రాడు. అత్యవసరం కాకపోతే పది నిమిషాలు ఆగి, పడుకోబెట్టి, మళ్లీ అడగండి.

*చివరి నిమిషంలో లేచి వచ్చేయడం.* ఆ క్షణం హాయిగా ఉంటుంది, అదే భయానికి మేత. వచ్చేయాలనిపిస్తే “ఐదు నిమిషాలు ఆగి వస్తా” అని గదిలోనే మూలన కూర్చోండి, ఇంటికి మాత్రం వెళ్లకండి.

14. భయం మరీ ఎక్కువైతే: మెట్లు కట్టుకోండి

సూది పేరు వింటేనే నిద్రపట్టని వాళ్లకు పై చిట్కాలు చాలవు. భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవాలి. సున్నా నుంచి పది దాకా మీ భయానికి మార్కులు వేసుకుంటూ ఇలా ఒక్కో మెట్టూ ఎక్కండి:

- సిరంజి బొమ్మ చూడటం
- సూది వేస్తున్న వీడియో, మొదట శబ్దం లేకుండా
- మెడికల్ షాపులో సూది లేని సిరంజి కొని చేతిలో పట్టుకోవడం
- దాన్ని జబ్బకు ఆనించుకోవడం
- క్లినిక్‌కు వెళ్లి బీపీ మాత్రమే చూపించుకుని రావడం
- ఇంట్లోవాళ్ల ఇంజెక్షన్‌కు తోడు వెళ్లడం
- మీ సూది

ఏ మెట్టు మీదైనా భయం సగానికి తగ్గేదాకా అక్కడే ఉండండి. ఎనిమిది దగ్గర ఉన్నప్పుడు దిగిపోతే ఒళ్లు నేర్చుకునేది పారిపోవడమే. కళ్లు తిరిగేవాళ్లు ప్రతి మెట్టు మీదా బిగించే సాధన కలిపి, పక్కన మనిషిని పెట్టుకుని చేయాలి.

ఒంటరిగా కుదరకపోతే ఈ రకం చికిత్స తెలిసిన సైకాలజిస్టును కలవండి. సూది భయానికి ఒకే బైఠక్‌లో రెండు మూడు గంటలు పట్టే చికిత్స కూడా ఉంది, ఏళ్లు పట్టదు. ఎవరిని అడగాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేసేముందు మూడు విషయాలు కాగితం మీద రాసి పెట్టుకోండి: మీ భయం రెండో భాగంలో చెప్పిన ఏ రకం, ఎన్నిసార్లు సొమ్మసిల్లారు, ఇప్పుడు వాయిదా వేస్తున్న సూదో పరీక్షో ఏది.